లుడింగ్టన్ రేవు నుంచి కింగ్ శాల్మన్ వేట

బుధవారం

మా మావయ్యది సఖినేటిపల్లి. వశిష్ట పాయ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. కూతురి పురుడుకని అత్తయ్యతో కలిసి డెట్రాయిట్ పక్కన కాంటన్ వచ్చారు. అత్తయ్యకి మనవరాలి పనులతో రోజు ఇట్టే గడిచిపోతోంది, మావయ్యకే పొద్దుపోవడం లేదు. "మిషిగన్ చుట్టూ నీళ్లే అంటావు, ఒక్కసారీ పడవెక్కించవేంట్రా అల్లుడూ" అని ఆయన అడిగిన రోజే మిషిగన్ సరస్సు ఒడ్డునున్న లుడింగ్టన్‌లో చార్టర్ పడవ, అంటే కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చే వేట పడవ, బుక్ చేశాను. ఆగస్టు మూడో వారంలో అక్కడ గది దొరకడం కష్టం. గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కబోయే కింగ్ శాల్మన్ చేపలు రేవు బయట లోతు నీళ్లలో వచ్చి చేరే రోజులవి.

కాంటన్ నుంచి నాలుగు గంటల పైనే ప్రయాణం. క్లేర్ అనే ఊరి దగ్గర యూఎస్-10 రోడ్డెక్కి పడమటికి పోతే అడవుల మధ్య నుంచి తిన్నగా లుడింగ్టన్ చేరుస్తుంది. సరస్సు ఒడ్డున రోడ్డు అయిపోతుంది, ఆ పైన దారి నీటి మీదే. ఎస్‌ఎస్ బ్యాడ్జర్ అనే ఆవిరి ఓడ కార్లనూ మనుషులనూ ఎక్కించుకుని నాలుగు గంటల్లో అవతలి ఒడ్డున విస్కాన్సిన్‌లోని మానిటొవాక్‌లో దింపుతుంది. 1953 నుంచి తిరుగుతున్న ఆ ఓడ ఇప్పటికీ బొగ్గు మీదే నడుస్తుంది.

దారిలో బాల్డ్విన్ దగ్గర ఆగి ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ తాగాం. 1884లో జర్మనీ నుంచి తెప్పించిన బ్రౌన్ ట్రౌట్‌ని అమెరికా నీళ్లలో మొదటిసారి వదిలింది ఇక్కడి వాగులోనే. ఆ వాగు పెరె మార్కెట్ నదిలో కలుస్తుంది. ఆ నది లుడింగ్టన్ దగ్గర సరస్సులో కలుస్తుంది. ప్రధాన ప్రవాహం మీద ఎక్కడా ఆనకట్ట లేదు. రేవు బయట మేము వేటాడబోయే శాల్మన్‌లలో చాలా వాటికి గమ్యం ఈ నదే అని చెప్పాను.

"అంటే ఇవీ ఎదురెక్కే చేపలేనన్నమాట. మన పులస ధవళేశ్వరం దాకా వచ్చి ఆగిపోతుంది, వీటికి ఆ అడ్డు లేదు" అన్నారు మావయ్య. అప్పటిదాకా కారులో కునుకుతున్న మనిషి, ఇక అక్కడి నుంచి ప్రశ్నలే ప్రశ్నలు. ఎన్నేళ్లు బతుకుతుంది, ఎప్పుడు గుడ్లు పెడుతుంది, పెట్టాక మళ్లీ దిగి వెళ్తుందా. వెళ్లదు. కింగ్ సాధారణంగా మూడు నాలుగేళ్లు సరస్సులో తిని పెరిగి, శరదృతువులో నదికెక్కి, గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. ఇది విన్నాక ఆయన చాలా దూరం మాట్లాడలేదు.

సాయంత్రం రేవు దగ్గరికి వెళ్లేసరికి పడవలు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. చేపలు కోసుకునే షెడ్డు దగ్గర జనం. మావయ్య అటు చూడకుండా ముందు ఒడ్డు దాకా నడిచి, దోసిలితో నీళ్లు తీసుకుని నోట్లో వేసుకున్నారు. అవతలి గట్టు కనపడని నీళ్లు ఉప్పగా లేకపోవడం ఆయనకి నమ్మబుద్ధి కాలేదు. ఈ సరస్సు పొడవు 494 కిలోమీటర్లు, వెడల్పు కొన్నిచోట్ల 190 కిలోమీటర్లు, లోతైన చోట 281 మీటర్లు. "మరి పోటూ పాటూ?" అని అడిగారు. మనకి తెలిసేంత పోటుపాట్లు ఇక్కడ లేవు, అన్నీ గాలి చేతిలోనే ఉంటాయన్నాను. ఆ మాట ఎంత నిజమో తర్వాతి రోజుల్లో ఇద్దరం కళ్లారా చూశాం.

గురువారం

తెల్లవారుజామున ఐదింటికి పడవ కదిలింది. మాతో పాటు గ్రాండ్ రాపిడ్స్ నుంచి వచ్చిన ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు. ఇలాంటి చార్టర్ కెప్టెన్ల లైసెన్సు మీద ఆరుగురికి మించి ఎక్కించుకోవడానికి లేదు. పదిహేడేళ్లు నిండిన ప్రతివాళ్లకీ చేపల లైసెన్సు ఉండాలి. మావయ్యకి ఒక రోజు లైసెన్సు రాత్రే ఫోన్లో తీసుకున్నాం. మిషిగన్‌లో మనిషికి మూడు గాలాల కర్రల దాకా వాడుకోవచ్చు. ఇక్కడ దాన్ని రాడ్ అంటారు, నేనూ అలాగే రాస్తాను.

ఉత్తరపు గట్టు చివరనున్న తెల్లటి లైట్‌హౌస్ దాటాక కెప్టెన్ పడవని ఉత్తరానికి, బిగ్ సేబుల్ పాయింట్ వైపు తిప్పారు. అక్కడ ఒడ్డుకి దగ్గరలోనే లోతు గబగబా పెరుగుతుంది. చేపలు అటూ ఇటూ తిరిగేది ఆ వాలు వెంబడే. 1867 నాటి నలుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్ చీకట్లో ఇంకా వెలుగుతోంది.

పడవ నడుపుతూ వెనక గాలాలు లాక్కుపోయే ఈ వేటని ట్రోలింగ్ అంటారు. ఇందులో గాలం విసరడం ఉండదు. గంటకి రెండున్నర మైళ్ల వేగంతో, అంటే మనిషి నడకకి కాస్త తక్కువగా, పడవ ముందుకి పోతూనే ఉంటుంది. వెనక పది పన్నెండు తీగలు రకరకాల లోతుల్లో ఒకదానికొకటి చిక్కుపడకుండా సాగాలి. అసలు విద్య అంతా ఆ అమరికలోనే ఉంది. కెప్టెన్ సహాయకుడు చీకట్లో పని చేస్తుంటే మావయ్య పక్కనే నిలబడి ఒక్కో ముడీ గమనించారు.

మొదట డౌన్‌రిగ్గర్లు. పడవ వెనక అంచున చిన్న చక్రం, దానికి సన్నటి ఉక్కు తాడు, తాడు చివర పన్నెండు పౌండ్ల సీసపు గుండు. గాలం తీగని ఒక క్లిప్పుతో ఆ తాడుకి పట్టించి గుండుని దించుతారు. ఎన్ని అడుగులు దిగిందో మీటరు మీద అంకె కనిపిస్తుంది. చేప కొట్టగానే క్లిప్పు వదిలేస్తుంది, అప్పటిదాకా విల్లులా వంగి ఉన్న రాడ్ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. ఇక అక్కడి నుంచి చేపకీ మనిషికీ మధ్య సీసం బరువు ఉండదు. తర్వాత డిప్సీలు. అరచేయంత ప్లాస్టిక్ బిళ్లలు, ఏటవాలుగా మునుగుతూ తీగని పడవ పక్కకి లాక్కుపోతాయి. ఇంకా పక్కకి పోవడానికి చిన్న పలకలు కట్టిన రాగి తీగలు. రాగి తన బరువుకి తానే మునుగుతుంది, మూడు వందల అడుగులు వదిలితే అరవై డెబ్భై అడుగుల లోతుకి చేరుతుంది.

ఎరల్లో బతికున్నది ఏదీ లేదు. స్పూన్ అంటే చెంచా గిన్నె ఆకారంలో ఉండే పల్చటి లోహపు రేకు. చీకట్లో మెరిసే రంగు పూసిన వాటిని టార్చి వెలుగు కింద పెట్టి నీళ్లలోకి వదిలారు. కొన్నిటికి ముందు ఫ్లాషర్ అనే గుండ్రంగా తిరిగే పలక, దాని వెనక మెరుపు పోగులతో కట్టిన ఫ్లై. ఆ పలక తిరిగే తీరుకి ఫ్లై చిన్న చేప బెదిరి పరిగెత్తినట్టు అటూ ఇటూ గుంజుకుంటుంది.

"ఎంత లోతుకి వదలాలో ఎలా తెలుస్తుంది?" ఇది మావయ్య ప్రశ్న. నేను ఇంగ్లీషులో చెప్పగానే కెప్టెన్ నవ్వి, తన ముందున్న రెండు తెరల్లో చిన్నదాన్ని చూపించారు. డౌన్‌రిగ్గర్ గుండు దగ్గర ఒక పరికరం కట్టి ఉంది. అది ఆ లోతులో నీటి వేడి, అక్కడ గాలం నిజంగా ఎంత వేగంతో పోతోంది అన్నవి పంపుతుంది. పైన పడవ వేగం ఒకటి, కింద ప్రవాహం వల్ల గాలం వేగం ఇంకొకటి. రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఉత్త చేతులతో తిరిగొస్తారన్నారు ఆయన.

ఎండాకాలంలో ఈ సరస్సు రెండు పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చటి నీరు, కింద చల్లటి నీరు, మధ్యలో కొద్ది అడుగుల్లోనే వేడి దబ్బున పడిపోయే సన్నటి పట్టీ. కింగ్‌కి ఫారెన్‌హీట్‌లో 50కి అటూ ఇటూ, అంటే సెల్సియస్‌లో 10 డిగ్రీల నీరు హాయి. ఆ రోజు పైనీరు 71 డిగ్రీలు. కొన్నాళ్లుగా దక్షిణపు గాలి వీచడంతో వెచ్చటి నీరంతా ఈ తూర్పు ఒడ్డుకి పేరుకుపోయింది, 52 డిగ్రీల నీరు తొంభై అయిదు అడుగుల కింద దొరికింది. చల్లటి పట్టీ అంత లోతున ఉంటే చేపలు చెల్లాచెదురుగా ఉంటాయి. కెప్టెన్ తిన్నగా కాకుండా పడవని పాము నడకలో తిప్పారు. మలుపు తీసుకున్నప్పుడు బయటివైపు గాలాల వేగం పెరుగుతుంది, లోపలివైపు వాటిది తగ్గుతుంది. ఏ వైపు చేప కొడితే ఆ రోజు వాటికి ఆ వేగం నచ్చినట్టు.

తూర్పున వెలుగు రాగానే లోతు గుండు మీది రాడ్ లేచింది. చిన్న పిల్లవాడిది వంతు. పెద్దగా గింజుకోకుండా బరువుగా పైకొచ్చింది లేక్ ట్రౌట్. బూడిద రంగు ఒంటి మీద లేత చుక్కలు, చీలిన తోక. పక్క రెక్క కింద రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ ఉంది. అది సముద్రపు లాంప్రే చేసిన గాయం. ఆ మచ్చని నేను పుస్తకాల్లోనే చూశాను, వేలితో తడిమి చూడటం ఇదే మొదలు.

సూర్యుడు పైకొచ్చాక లోతు నీళ్ల వైపు వెళ్లాం. పైపైన పోతున్న తీగకి స్టీల్‌హెడ్ తగిలి, తగిలీ తగలగానే నీళ్లలోంచి మనిషెత్తు ఎగిరింది. ఇది సరస్సుకి దిగి పెరిగే రెయిన్‌బో ట్రౌట్, 1870ల్లో కాలిఫోర్నియా నుంచి ఈ రాష్ట్రానికి వచ్చింది. దాన్ని మావయ్యే లాగారు. రాడ్ పట్టుకోవడం ఆయనకి కొత్త, చేపకి తీగ వదలడం కొత్త కాదు. అది పరుగెత్తినప్పుడు పోనిచ్చారు, ఆగినప్పుడు చుట్టారు. సహాయకుడు చేతి వలతో పైకి తీశాక "మీ అంకుల్‌కి నేను నేర్పాల్సింది ఏమీ లేదు" అన్నాడు. కింగ్ మాత్రం ఒక్కటి, అదీ రెండేళ్ల పిల్ల, తగిలింది. దాన్ని వదిలేశాం.

ఒడ్డుకి వచ్చేసరికి గాలి ఉత్తరానికి మారింది. మధ్యాహ్నం కెప్టెన్ ఫోన్: రేపు ఏ పడవా కదలదు, శనివారం రండి.

శుక్రవారం

చిన్న పడవలకి హెచ్చరిక ఉన్న రోజున డబ్బులు వదులుకుని పడవని రేవులోనే కట్టేసుకునే కెప్టెనే మంచి కెప్టెన్. దానికి కారణం ఆ రోజు సాయంత్రం చూసిన చోట బాగా అర్థమైంది.

ఎటూ వేట లేదు కాబట్టి మానిస్టీ మీదుగా గంటకి పైగా ఉత్తరానికి వెళ్లి, ఆనర్ అనే ఊరి దగ్గర ప్లాట్ నది మీదున్న ప్రభుత్వ చేపపిల్లల పెంపక కేంద్రం చూశాం. ఈ సరస్సు శాల్మన్ కథ మొదలైన నది ఇది. పొడవాటి సిమెంటు కాలువల్లో వేలు పొడవున్న కోహో శాల్మన్ పిల్లలు ప్రవాహానికి ఎదురుగా నిలబడి ఈదుతున్నాయి. నీళ్లలోకి నీడ పడితే చాలు, మొత్తం మంద ఒకేసారి మళ్లుతుంది. కోహో పిల్లలని ఏడాదిన్నర పెంచి వదులుతారు, కింగ్ పిల్లలైతే ఆరు నెలలకే. వదిలిన చోటి నీటి వాసన వాటికి గుర్తుండిపోతుంది. పెద్దయ్యాక సరస్సంతా తిరిగి ఆ వాసన పట్టుకునే వెనక్కి వస్తాయి. శరదృతువులో వచ్చిన చేపలని ఇక్కడ ఆపి గుడ్లు తీసుకుంటారు. కింగ్ గుడ్లు మానిస్టీ దగ్గర లిటిల్ మానిస్టీ నది మీద కట్టిన అడ్డు దగ్గర తీస్తారు.

మావయ్య ఆ కాలువల వెంట చివరిదాకా నడిచొచ్చి, "ఇన్ని పిల్లల్ని పోసేది వేటగాళ్ల కోసమేనా?" అన్నారు. కాదు, మొదట్లో అసలు కారణం వేరు. ఆ కథ నాకు చాలా ఇష్టం, దారి పొడుగునా చెబుతూ వచ్చాను.

ఈ సరస్సుకి తనదంటూ ఉన్న పెద్ద చేప లేక్ ట్రౌట్. కింగ్, కోహో పసిఫిక్ తీరానివి, స్టీల్‌హెడ్ కాలిఫోర్నియాది, బ్రౌన్ ట్రౌట్ జర్మనీది. నయాగరా జలపాతం ఉన్నంతకాలం సముద్రపు జీవులు ఎగువ సరస్సుల్లోకి రాలేకపోయాయి. జలపాతాన్ని తప్పించుకుంటూ ఓడల కోసం తవ్విన వెల్లండ్ కాలువ ఆ తలుపు తెరిచింది. సముద్రపు లాంప్రే 1936లో మిషిగన్ సరస్సులో కనపడింది. పాములాంటి శరీరం, దవడ లేని గుండ్రటి నోరు, నోటినిండా పళ్లు, చేపకి అంటుకుని నెత్తురు పీలుస్తుంది. దీని దాడి, దానికి తోడు మితిమీరిన వేట కలిసి 1950ల నాటికి లేక్ ట్రౌట్‌ని ఇక్కడ తుడిచిపెట్టేశాయి. వాగుల్లో లాంప్రే పిల్లలని మాత్రమే చంపే మందు కనిపెట్టాక గానీ ఆ తెగులు అదుపులోకి రాలేదు. ఇప్పటికీ ఆ మందు వేస్తూనే ఉన్నారు. మానేస్తే నిన్న చూసిన మచ్చలు మళ్లీ ప్రతి చేప మీదా కనిపిస్తాయి.

పెద్ద చేప పోయిన సరస్సులోకి 1949లో ఏల్‌వైఫ్ వచ్చింది. జానెడు పొడవుండే వెండి రంగు చేప, హెర్రింగ్ కుటుంబం, అంటే మన పులసకి దూరపు చుట్టమే. దాన్ని తినే పెద్ద చేప లేకపోవడంతో అది విపరీతంగా పెరిగింది. 1960ల్లో సరస్సులోని చేపల బరువులో ఎక్కువ వాటా దానిదే. 1967 ఎండాకాలంలో కోట్ల కొద్దీ చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. బీచ్‌ల మీద నుంచి కుళ్లిన చేపలని యంత్రాలతో ఎత్తిపోయాల్సి వచ్చింది.

అప్పటికే మిషిగన్ మత్స్యశాఖ అధిపతి హొవర్డ్ టానర్ ఒక పని మొదలుపెట్టి ఉన్నారు. ఒరెగాన్ ఇచ్చిన కోహో గుడ్లని పొదిగించి, 1966 వసంతంలో ఆ పిల్లలని ప్లాట్ నదిలోనూ, మానిస్టీ నదిలో కలిసే బేర్ క్రీక్‌లోనూ వదిలారు. మరుసటి ఏడాది కింగ్‌ని వదిలారు. ఏల్‌వైఫ్‌ని తినేందుకూ, జనం వేటాడేందుకూ రెండు విధాలా పనికొచ్చే చేప కావాలనుకున్నారు. ఆ ఆలోచన ఆయన ఊహించినదానికన్నా ఎక్కువే పారింది.

ప్లాట్ బే ఒడ్డున నిలబడి ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నా గొంతు గాలిలో వినిపించడం లేదు. అలలు ఇసుక తిన్నె దాకా వచ్చి విరుగుతున్నాయి. 1967 సెప్టెంబరులో పెద్దయిన కోహోలు ఈ అఖాతం నిండా చేరాయి. ఎక్కడెక్కడి నుంచో జనం చిన్న చిన్న పడవలు, చెరువుల్లో తిప్పుకునే పడవలు కూడా, కార్ల మీద కట్టుకుని వచ్చారు. సెప్టెంబరు 23న హెచ్చరిక ఉన్నా వందల పడవలు నీళ్లలో ఉండగా గాలి లేచింది. ఏడుగురు చనిపోయారు. మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు అలలనే చూశారు. అంతర్వేది దగ్గర మొగలో ఎదురుగాలికి పడవ తీసినవాళ్ల సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తిరిగొస్తుంటే ఆయన ఇంకో మాట అడిగారు. "ఆ ఏల్‌వైఫ్ మొత్తం తినేస్తే మరి ఇవి ఏం తింటాయి?" ఈ సరస్సు చుట్టూ అందరినీ వేధించే ప్రశ్న ఇదే. పక్కనే ఉన్న హ్యూరాన్ సరస్సులో జరిగింది అదే. 2003, 2004ల్లో అక్కడ ఏల్‌వైఫ్ కుప్పకూలింది. వెనకే కింగ్ వేటా పోయింది, దాన్ని నమ్ముకున్న రేవుల్లో పడవలు మూలపడ్డాయి. నల్ల సముద్రం వైపు నుంచి వచ్చి అడుగంతా పరుచుకున్న క్వాగ్గా ఆల్చిప్పలు నీటిలోని సూక్ష్మజీవులని వడగట్టేసుకుంటుంటే ఏల్‌వైఫ్‌కే తిండి తక్కువవుతోంది. అందుకే మిషిగన్ సరస్సులో 2013లో కింగ్ పిల్లలని వదలడం దాదాపు సగానికి తగ్గించారు. అప్పుడు గొడవ చేసిన వేటగాళ్లు చాలామంది. చేప తక్కువ వదిలితే వేట తగ్గుతుందని వాళ్ల బాధ. నా మటుకు నాకు హ్యూరాన్ చూశాక కోత పెట్టడమే సరైన పని అనిపిస్తుంది. తిండికి సరిపడా నోళ్లుంటేనే ఆ నోళ్లూ నిలుస్తాయి. ఈ లెక్క తప్పకుండా చూసుకోవాల్సింది మనుషులే, ఎందుకంటే ఈ చేపని తెచ్చి వదిలింది మనుషులే.

శనివారం

గాలి తెల్లవారకముందే పడింది. పాత అలల ఊపు మాత్రం మిగిలింది. రేవు దాటగానే కెప్టెన్ తెర వైపు చేయి చూపించారు: పైనీరు 56 డిగ్రీలు. గురువారం 71 ఉన్న నీళ్లవి.

తూర్పు ఒడ్డున ఉత్తరపు గాలి ఒకటి రెండు రోజులు ఆగకుండా వీస్తే పైనీరు గాలికి కుడివైపుకి, అంటే పడమటికి, ఒడ్డుకి దూరంగా జరుగుతుంది. భూమి తిరగడం వల్ల అలా జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగు నుంచి చల్లటి నీరు ఎగదన్నుకొస్తుంది. మొన్న తొంభై అయిదు అడుగుల కింద దొరికిన నీరు ఇవాళ నలభై అడుగుల్లో ఉంది. లోతు నీళ్లలో చెదిరిపోయి తిరిగే కింగ్‌లు దానితో పాటు ఒడ్డు పక్కకి వచ్చేశాయి. మావయ్య ముందు రోజంతా ఆ గాలిని తిట్టుకున్నారు. విషయం విన్నాక రెండు చేతులూ ఎత్తి ఉత్తరానికి దణ్ణం పెట్టారు.

రేవుకి ఎదురుగా, డెబ్భై అడుగుల లోతున్న చోట, చీకట్లోనే గాలాలు దించారు. సహాయకుడు మూడో తీగ సర్దుతుండగా మొదటి డౌన్‌రిగ్గర్ రాడ్ లేచి, లేచిన వెంటనే మళ్లీ నీటిదాకా వంగింది. "ఫిష్ ఆన్!" అని కేక. ముందుగా అనుకున్న ప్రకారం వంతు మావయ్యది.

స్టీల్‌హెడ్‌తో ఆడినట్టు దీనితో కుదరదు. కింగ్ ఎగరదు, పారిపోతుంది. తీగ చుట్టి ఉండే రీల్ సన్నటి కూత ఆగకుండా పెడుతూనే ఉంది, తీగ ఎంత పోయిందో చెప్పే అంకెలు రెండు వందలు, మూడు వందలు దాటిపోయాయి. "రీల్ బిగింపు ముట్టుకోవద్దని చెప్పు, రాడ్ మొన పైకి ఉంచమని చెప్పు" అని కెప్టెన్ అరుస్తున్నారు, నేను తెలుగులో అరుస్తున్నాను. మావయ్య ఇద్దరి మాటా వినే స్థితిలో లేరు. కాళ్లు ఎడంగా పెట్టి, రాడ్ అడుగుని పొట్టకి ఆనించుకుని, కళ్లు మూసుకుని చేప బరువు వింటున్నారు. అది ఆగగానే నాలుగు చుట్లు. మళ్లీ పరుగు. పక్క తీగలని మేమంతా కలిసి పైకి లాగేశాం. పావుగంట తర్వాత పడవ వెనక వెండి మెరుపు కనిపించింది, పడవని చూసి మళ్లీ అడుక్కి దూకింది. సహాయకుడు తొందరపడలేదు. మూడోసారి తల పైకి తేలినప్పుడు వల కింద నుంచి పెట్టి ఒక్క ఊపున ఎత్తాడు.

ఇరవై మూడు పౌండ్లు, పదిన్నర కిలోలు. చిగుళ్లు నల్లగా ఉన్నాయి, తోక పైభాగం కిందిభాగం రెంటి మీదా చుక్కలు. కోహో అయితే చిగురు తెల్లగా ఉంటుంది, చుక్కలు తోక పైభాగంలోనే. వీపు ఆకుపచ్చ నలుపు, పక్కలకి అప్పటికే కొంచెం రాగి రంగు తిరుగుతోంది. 2021 ఆగస్టులో లుడింగ్టన్ బయటే 47.86 పౌండ్ల కింగ్ దొరికి 1978 నాటి రాష్ట్ర రికార్డుని దాటింది. దానికి ఇది సగమేనని కెప్టెన్ చెబితే, "సగమే ఇంత గుంజిందా" అని మావయ్య మోచేతులు రుద్దుకున్నారు.

ఏడు గంటల లోపు ఇంకో మూడు కింగ్‌లు పడవలోకి వచ్చాయి, రెండు తీగ తెంపుకుని పోయాయి. ఒకటి నేను లాగాను, తండ్రి ఒకటి, పెద్ద కొడుకు ఒకటి. ఎండ పైకెక్కగానే అన్నీ ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నాయి. శాల్మన్, ట్రౌట్ కలిపి మనిషికి రోజుకి అయిదు దాకా పట్టుకోవచ్చు. మేము పరిమితి దరిదాపుల్లోకి కూడా వెళ్లలేదు, ఎవరికీ ఆ లోటూ అనిపించలేదు.

కోసే షెడ్డులో అసలు పాఠం జరిగింది. నా చేపకి వీపు మీద, తోక ముందు ఉండాల్సిన చిన్న కొవ్వు రెక్క లేదు. అంటే పెంపక కేంద్రంలో పుట్టింది. అలాంటి పిల్లలకి వదిలే ముందు ఆ రెక్క కత్తిరించి, ముక్కులో ఒక మిల్లీమీటరు పొడవుండే సంకేతాల తీగ ముక్క పెడతారు. తల కోసి సంచిలో వేసి, తేదీ, పట్టిన చోటు, పొడవు రాసిన చీటీ పెట్టి ఫ్రీజర్ పెట్టెలో ఇచ్చాం. ఏ నదిలో ఏ సంవత్సరం వదిలిన చేపో దాన్నిబట్టే తెలుస్తుంది. మావయ్య చేపకి ఆ రెక్క నిక్షేపంగా ఉంది. ఏదో నదిలో గులకరాళ్ల మధ్య తనంతట తాను పుట్టిన చేప. ఇప్పుడు ఈ సరస్సులోని కింగ్‌లలో సగానికి పైగా అలా పుట్టినవే. మనుషులు తెచ్చి వదిలిన చేప తన ఇల్లు తాను కట్టుకోవడం నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా సంతోషం కలిగించే సంగతి.

దాని పొట్ట కోస్తే అరిగీ అరగని ఏల్‌వైఫ్‌లు బయటపడ్డాయి. మావయ్య ఒకదాన్ని కడిగి, ఒళ్లు, పొలుసు, పొట్ట అంచున రంపంలా ఉండే గరుకు తడిమి, "పులస పిల్లే" అని తేల్చేశారు. కెప్టెన్‌కి కావలసింది వేరే. రెండు సైజుల ఏల్‌వైఫ్‌లున్నాయా, ఒకటేనా అని చూసుకున్నారు. రెండు సైజులుంటే నిరుడు పుట్టినవి కూడా బతికాయన్నమాట. రెండు సైజులూ ఉన్నాయి. పెద్ద కొడుకు పట్టిన కింగ్ ఒళ్లు నల్లబడి ఉంది. దాని పొట్ట ఖాళీ, పక్కన రెండు పెద్ద జన సంచులు. నదికి బయల్దేరేది తిండి మానేస్తుంది.

వంట సంగతి మావయ్యతో ముందే మాట్లాడాల్సి వచ్చింది. పులసకి రుచంతా కొవ్వులోనే. ఈ సరస్సు చేపకి పాత ఫ్యాక్టరీల నుంచి చేరిన పీసీబీలనే విషాలు ఆ కొవ్వులోనే నిలవ ఉంటాయి. మిషిగన్ ఆరోగ్యశాఖ ఏ చేప ఎంత సైజుది నెలకి ఎన్నిసార్లు తినొచ్చో పట్టిక వేసి ఇస్తుంది. చర్మం, పొట్ట కొవ్వు, పక్క గీత వెంట ఉండే ముదురు కండ తీసేయమంటుంది. గర్భిణులూ పిల్లలూ మరీ జాగ్రత్త. కూతురు బాలింత అనగానే మావయ్య మరో మాట లేకుండా కత్తి అందుకుని, సహాయకుడు కోసిన ముక్కల మీద మిగిలిన కొవ్వు కూడా గీసి తీసేశారు.

ముక్కల్ని మంచు నింపిన పెట్టెలో సర్దుకుని మధ్యాహ్నానికి బయల్దేరాం. దారిలో మావయ్య అత్తయ్యకి ఫోన్ చేసి చింతపండు నానబెట్టమన్నారు. బెండకాయలు, పచ్చిమిర్చి, ఆవకాయ నూనె ఉన్నాయో లేదో చూసుకోమన్నారు. కొవ్వు లేని చేపకి నూనె కాస్త ఎక్కువే పడుతుందట. నావైపు తిరిగి, కింగ్‌లు అక్టోబరులో నదిలో ఉంటాయన్నావు కదా, మా టికెట్ నవంబరుకి ఉంది, గుడ్లు తీసేచోటికి ఆదివారాలు రానిస్తారా అని అడిగారు. కనుక్కుంటానన్నాను.